పిడుగు కొండ మీద పడితే ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలుతుంది?

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగు దాటితే చాలు, దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కొండల మీద మబ్బు కమ్ముతుంది. గంటలోపే ఈదురుగాలి, ఉరుములు, నాలుగు చినుకులు. కరెంటు పోతుంది. చాలాసార్లు నిమిషంలో తిరిగి వస్తుంది. ఒక్కోసారి రాత్రంతా రాదు. తెల్లారి చూస్తే ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ కింద నూనె మడుగు కట్టి ఉంటుంది. పిడుగు మాత్రం ఊళ్లో ఎక్కడా పడలేదు, అవతలి కొండ మీద ఓ చెట్టు నిలువునా చీలింది, అంతే. పక్క ఊళ్లో దీనికి పూర్తిగా విరుద్ధం. పిడుగు లైన్ మీదే పడిందని నలుగురూ కళ్లారా చూశారు, అయినా అక్కడి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏమీ కాలేదు. మూడో రకం ఇంకా అయోమయంగా ఉంటుంది. వాన వెలిసిన మూడో రోజు, మబ్బు తునక కూడా లేని మిట్టమధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలుతుంది.

మూడింటికీ వివరణ ఒకే చోట దొరుకుతుంది. తీగకూ భూమికీ మధ్య, తీగకూ తీగకూ మధ్య కరెంటు దూకకుండా అడ్డుగా ఉండే పదార్థం, అంటే ఇన్సులేషన్, ఎంత ఒత్తిడిని ఎంతసేపు తట్టుకుంటుంది, ఒకసారి ఓడాక మళ్లీ లేస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

క్లుప్తంగా

పిడుగు తీగను తాకనక్కర్లేదు. వంద మీటర్ల దూరంలో పడినా 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్‌లో లక్ష వోల్టులు దాటే సర్జ్, అంటే క్షణకాలపు వోల్టేజీ పోటు, పుట్టగలదు. ఆ లైన్ మీది ట్రాన్స్‌ఫార్మర్ సాధారణంగా ఓర్చుకునేది 75 వేల వోల్టులు. తేడాను మింగాల్సింది సర్జ్‌ను భూమిలోకి మళ్లించే లైట్నింగ్ అరెస్టర్, దాని కింద ఉన్న ఎర్త్. గాలికి తగిలిన దెబ్బ క్షణంలో మానిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి కాగితానికి తగిలిన దెబ్బ మానదు. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో రాతినేల ఎర్త్‌ను, తేమ నూనెను, తీరంలో ఉప్పు పింగాణీని బలహీనపరుస్తాయి. పిడుగు చివరి దెబ్బ మాత్రమే వేస్తుంది.

సరిహద్దులో పిడుగుల కాలం

గంజాం జిల్లా తీరం నుంచి గజపతి, రాయగడ, కోరాపుట్ మీదుగా మల్కన్‌గిరి వరకూ ఒడిశా దక్షిణ అంచు పొడవునా తెలుగు కుటుంబాలున్నాయి. బరంపురం బజారులో, గోపాల్‌పూర్ దగ్గరి మత్స్యకార పల్లెల్లో, కోరాపుట్ జిల్లా జయపూర్ దుకాణాల్లో తెలుగు రోజువారీ మాట. ఈ పట్టీ అంతటా భూస్వరూపం ఒకేలా ఉండదు. తూర్పున సముద్రమట్టపు ఇసుకనేల, మధ్యలో తూర్పు కనుమల రాతికొండలు, పడమట కోరాపుట్ పీఠభూమి. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి వేడెక్కిన నేల మీదుగా వచ్చి కనుమలను ఎక్కుతుంది. అలా ఎక్కిన గాలే ఉరుముల మబ్బుగా మారుతుంది. ఒకసారి రుతుపవనాలకు ముందు, మరోసారి అవి వెనుదిరిగే సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇది ఉధృతంగా ఉంటుంది.

ఒడిశాలో పిడుగులకు ఏటా వందల మంది చనిపోతున్నారు. 2015లో ఆ రాష్ట్రం పిడుగుపాటును రాష్ట్రస్థాయి విపత్తుగా ప్రకటించింది. 2023 సెప్టెంబరు 2న సుమారు రెండు గంటల వ్యవధిలో మబ్బుల్లో మెరుపులు, నేలను తాకిన పిడుగులు కలిపి 60 వేలకు పైగా నమోదయ్యాయి. ఆ ఒక్క రోజే పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మనుషుల ప్రాణాలతో పోలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ చిన్న విషయమే. కానీ అది కాలితే తాగునీటి మోటారు ఆగుతుంది, ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్ ఆగుతుంది, సెల్ టవర్ బ్యాటరీ అయిపోయాక తర్వాతి పిడుగు హెచ్చరిక కూడా ఫోన్లకు చేరదు.

గాలి ఎప్పుడు తీగగా మారుతుంది

పొడిగాలి మంచి ఇన్సులేటర్. సముద్రమట్టం దగ్గర ఒక సెంటీమీటరు మందం గాలి, ఒత్తిడి అంతటా సమానంగా ఉంటే, దాదాపు 30 వేల వోల్టులను ఆపగలదు. అంతకు మించితే ఏం జరుగుతుంది? గాలిలో ఎప్పుడూ కొన్ని విడి ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయి. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు, నేలలోని రేడియోధార్మికత వాటిని పుట్టిస్తూనే ఉంటాయి. విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటే ఆ ఎలక్ట్రాన్ వేగం పుంజుకుని ఎదురైన అణువును ఢీకొని ఇంకో ఎలక్ట్రాన్‌ను రాలగొడుతుంది. రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిది. కొన్ని మిల్లీమీటర్లు దాటేసరికి కోట్లు. ఈ గుంపు తన ముందున్న గాలిని కూడా చీల్చుకుంటూ సన్నటి వెలుగు దారాన్ని సాగదీస్తుంది. ఆ దారం అవతలి ఒడ్డును తాకిందంటే, అప్పటిదాకా అడ్డుగోడలా ఉన్న గాలి తీగలా మారిపోతుంది. పింగాణీ ఇన్సులేటర్ పక్కనుంచి ఫట్‌మని మంట దూకడం ఇదే. లైన్‌మన్లు దీన్నే ఫ్లాష్‌ఓవర్ అంటారు.

ఇదంతా జరగడానికి సమయం కావాలి. ఎక్కువ మంది గమనించని సంగతి ఇదే. 11 కేవీ పరికరాన్ని ఫ్యాక్టరీలో పరీక్షించేటప్పుడు మామూలు 50 సైకిళ్ల కరెంటుతో 28 వేల వోల్టులను ఒక నిమిషం పాటు పెడతారు. అదే పరికరానికి పిడుగులాంటి కృత్రిమ తరంగంతో 75 వేల వోల్టులు పెడతారు, అయినా నిలబడుతుంది. కారణం ఆ తరంగం నిడివి. అది 1.2 మైక్రోసెకన్లలో శిఖరానికి ఎగబాకి, 50 మైక్రోసెకన్లకల్లా సగానికి దిగిపోతుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు ఒక్క సైకిల్ తిరగడానికి 20 వేల మైక్రోసెకన్లు పడుతుంది. అందులో నాలుగు వందలో ఒక వంతు కాలంలోనే సర్జ్ పని సగం అయిపోతుందన్నమాట. ఎంత తక్కువసేపు ఉంటే ఇన్సులేషన్ అంత ఎక్కువ వోల్టేజీని ఓర్చుకుంటుంది.

ఫ్లాష్‌ఓవర్ అయ్యాక పిడుగు వెళ్లిపోతుంది కానీ అది వేసిన దారి మిగిలి ఉంటుంది. ఆ వేడి దారిలోంచి లైన్‌లోని మామూలు కరెంటు భూమిలోకి పారడం మొదలుపెడుతుంది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడిపోతుంది. సెకనులో కొంత భాగం గడిస్తే గాలి చల్లబడి మళ్లీ ఇన్సులేటర్ అవుతుంది, బ్రేకర్ వేస్తే కరెంటు నిలుస్తుంది. ఉరిమినప్పుడు కరెంటు గుప్పున పోయి నిమిషంలో వచ్చిందంటే వ్యవస్థ తన పని సరిగ్గా చేసినట్టే. పిడుగు లైన్ మీదే పడినా ట్రాన్స్‌ఫార్మర్ బతికిన ఊళ్లో జరిగింది బహుశా ఇదే. దారిలోని పింగాణీ ముందే ఓడిపోయి సర్జ్‌ను భూమిలోకి వదిలేసింది.

నూనె, కాగితం సంగతి వేరు. ట్రాన్స్‌ఫార్మర్ లోపల రాగి లేదా అల్యూమినియం తీగ చుట్టూ కాగితం, దాని చుట్టూ నూనె ఉంటాయి. నూనె పారేది కాబట్టి చిన్న దెబ్బకు కొంతవరకు కోలుకుంటుంది. కాగితానికి ఆ భాగ్యం లేదు. ఒక్కసారి సూదిమొనంత బెజ్జం పడితే దాని అంచున నల్లటి బొగ్గు గీత మిగులుతుంది. బొగ్గు కరెంటును పారనిస్తుంది. తర్వాతి సర్జ్ ఆ గీత చివర నుంచే మొదలవుతుంది.

లక్షల వోల్టుల లెక్క

సగటు పిడుగు మొదటి దెబ్బలో శిఖర కరెంటు దాదాపు 30 వేల ఆంపియర్లు. అరుదుగా లక్ష ఆంపియర్లు దాటేవీ ఉంటాయి. అది నేరుగా లైన్ తీగ మీద పడితే చెరో వైపుకు సగం, అంటే 15 వేల ఆంపియర్ల చొప్పున పరుగెడుతుంది. అలాంటి వేగపు తరంగానికి తీగ చూపించే నిరోధం సుమారు 400 ఓంలు. రెండూ గుణిస్తే 60 లక్షల వోల్టులు. 75 వేల వోల్టులకు తయారైన వ్యవస్థ ముందు ఈ సంఖ్య పెడితే ఇక చర్చ అక్కర్లేదు. నేరుగా పడిన చోట ఏదో ఒకటి ఓడి తీరుతుంది. ఇన్సులేటర్ మందం కాస్త పెంచి దీన్ని ఆపేద్దామనుకోవడం వృథా.

పల్లె లైన్లకు నేరుగా పడే పిడుగుల కంటే పక్కన పడే పిడుగుల బెడద ఎక్కువ. పిడుగు దిగే కాలువలో కరెంటు ఒక్కసారిగా ఎగసినప్పుడు దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం కూడా అంతే హఠాత్తుగా మారుతుంది. ఆ మార్పు దగ్గరలోని తీగలో వోల్టేజీని పుట్టిస్తుంది. ఇంజినీర్లు వాడే సులువైన సూత్రం ఒకటుంది. పిడుగు కరెంటును తీగ ఎత్తుతో గుణించి, దూరంతో భాగించి, దాదాపు 39తో హెచ్చవేయాలి. 30 వేల ఆంపియర్ల పిడుగు, పది మీటర్ల ఎత్తున ఉన్న తీగకు వంద మీటర్ల దూరంలో పడితే వచ్చేది సుమారు 1.16 లక్షల వోల్టులు. అదే రెండు వందల మీటర్ల దూరమైతే 58 వేలు. అంటే ఇలాంటి పిడుగుకు సుమారు 150 మీటర్ల లోపలున్న 11 కేవీ లైన్ ప్రమాదంలో ఉన్నట్టు లెక్క. పిడుగు పెద్దదైతే ఆ గీత ఇంకా బయటికి జరుగుతుంది.

కొండవాలులో, సాలచెట్ల మధ్య వెళ్లే లైన్‌కు చెట్లు గొడుగులా పనిచేస్తాయి. నేరు దెబ్బలను అవే తీసుకుంటాయి, లైన్‌కు పక్కదెబ్బలు మిగులుతాయి. వరిపొలాల మధ్య ఎత్తైనదేదీ లేకుండా సాగే లైన్ దీనికి విరుద్ధం. అక్కడ స్తంభమే అన్నింటికంటే ఎత్తు. 2024లో ఒడిశా ప్రభుత్వం మనుషుల రక్షణ కోసం లక్షల సంఖ్యలో తాటిచెట్లు నాటించాలని తలపెట్టింది. లైన్ల కోణంలో చూస్తే తాటిచెట్టు నేరు దెబ్బను తప్పించగలదు కానీ లైన్‌కు మరీ దగ్గరగా ఉంటే పక్కదెబ్బను పెంచుతుంది. ఇక్కడ దూరానిదే పైచేయి.

33 కేవీ లైన్ పరికరాలకు ఓర్పు 1.7 లక్షల వోల్టులు. అందుకే పక్కదెబ్బలకు అవి 11 కేవీ లైన్లంతగా లొంగవు. 132 కేవీ పైన పక్కదెబ్బ దాదాపు లెక్కలోకే రాదు, అక్కడి సమస్య వేరే ఉంది.

తరంగం తిరిగి కొట్టే దెబ్బ

లైన్‌లో పుట్టిన సర్జ్ ఇంచుమించు కాంతి వేగంతో, మైక్రోసెకనుకు 300 మీటర్ల చొప్పున ప్రయాణిస్తుంది. కిలోమీటరు అవతలి ట్రాన్స్‌ఫార్మర్‌ను చేరడానికి మూడు మైక్రోసెకన్లు పైచిలుకు చాలు. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్, అంటే లోపలి తీగచుట్ట, ఈ వేగపు తరంగానికి దాదాపు మూసిన తలుపులా కనిపిస్తుంది. గట్టుకు కొట్టిన అల వెనక్కి మళ్లుతూ ఎత్తు పెరిగినట్టు, సర్జ్ కూడా అక్కడ రెట్టింపు దాకా పెరుగుతుంది. 50 వేల వోల్టులతో వచ్చినది లక్షకు చేరవచ్చు. లైన్ చివరన ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కువగా ఎందుకు పోతాయో దీంతో తెలుస్తుంది.

లోపలికి దూరాక కథ ఇంకా ఉంది. మామూలు కరెంటు అయితే వోల్టేజీని వైండింగ్‌లోని వేల చుట్లూ సమానంగా పంచుకుంటాయి. సర్జ్ వచ్చిన మొదటి క్షణంలో అలా పంచుకునే వ్యవధి ఉండదు. లైన్ వైపు ఉన్న మొదటి కొన్ని చుట్ల మీదే భారంలో పెద్ద వాటా పడుతుంది. పక్కపక్క చుట్ల మధ్య ఉండేది పలచటి కాగితం. అందుకే కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను షెడ్డుకు తెచ్చి విప్పినప్పుడు, సర్జ్‌కు పోయినదైతే, హైటెన్షన్ కాయిల్‌లో లైన్ వైపు చుట్లే మాడి ఉంటాయి. ఓవర్‌లోడ్‌తో పోయినదైతే కాయిల్ మొత్తం మీద కాగితం గోధుమరంగు తిరిగి పెళుసుబారి ఉంటుంది. రిపేరు షెడ్డులో అనుభవం ఉన్న మెకానిక్ ఈ తేడాను చూడగానే చెప్పేస్తాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్లో ఇన్సులేటర్ ఫ్లాష్‌ఓవర్ అయితే వోల్టేజీ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. మేలే కదా అనిపిస్తుంది. కానీ ఎక్కడం కంటే ఆ పడిపోవడం ఎన్నో రెట్లు నిటారుగా ఉంటుంది, ఆ నిటారుతనమే మొదటి చుట్లను మళ్లీ కుదిపేస్తుంది. బుషింగ్ (తీగ ట్యాంకులోకి దిగే చోటి పింగాణీ గొట్టం) మీద రెండు కొమ్ముల్లా ఉండే పాత గాలిసందు రక్షణలో ఇదే లోపం. అది సర్జ్‌ను ఆపుతుంది, పోతూ పోతూ వైండింగ్‌ను గాయపరుస్తుంది.

మబ్బు లేని రోజున పేలుడు

మూడో రోజు పేలిన ట్రాన్స్‌ఫార్మర్ విషయానికి వద్దాం. సర్జ్ వచ్చిన రాత్రి రెండు చుట్ల మధ్య కాగితానికి చిన్న బెజ్జం పడింది. ఆ రెండు చుట్లూ ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. కలిసిన చుట్టు తనంతట తాను ఓ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లా మారి, తనలో తనే పెద్ద కరెంటును తిప్పుకుంటుంది. బయటి నుంచి లాగే కరెంటు మాత్రం కొంచెమే పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ముందుండే హెచ్‌జీ (హారన్ గ్యాప్) ఫ్యూజుకు అది తెలియను కూడా తెలియదు. ఫ్యూజు తీగ దొరక్క లావు తీగ చుట్టి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. లోపల ఆ ఒక్క చోటే కాగితం మాడుతూ, నూనె మరిగి వాయువులు పుడుతూ గంటలు, రోజులు గడుస్తాయి. చివరికి పక్క చుట్లు కూడా కలిసిపోయి, ఒత్తిడి పెరిగి, మూత సందుల్లోంచి నూనె చిమ్ముతుంది. అప్పుడు ఆకాశం నిర్మలంగా ఉండవచ్చు. కారణం మూడు రోజుల కిందటిది.

అన్ని ట్రాన్స్‌ఫార్మర్లూ ఒకే సర్జ్‌కు ఇలా లొంగవు. నూనెలో నీరు ఉన్నదానికీ లేనిదానికీ చాలా తేడా ఉంటుంది. నూనె బలాన్ని రెండున్నర మిల్లీమీటర్ల సందులో వోల్టేజీ పెంచుతూ కొలుస్తారు. శుద్ధి చేసిన కొత్త నూనె అక్కడ 70 వేల వోల్టులు తట్టుకోవాలన్నది భారత ప్రమాణం. కాస్త తేమ, నాలుగు కాగితపు నూగులు చేరితే ఆ విలువ సగానికి పడిపోతుంది. తడిసిన నూగులు క్షేత్రం వెంట వరుసకట్టి చిన్న వంతెన వేస్తాయి. దాని మీదుగానే మెరుపు దూకుతుంది.

తేమ ఎలా చేరుతుందో చూడాలంటే ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వేలాడే చిన్న గాజు డబ్బాను చూస్తే చాలు. దాని పేరు బ్రీదర్. పగలు నూనె వేడెక్కి ఉబ్బితే గాలి బయటికి వెళుతుంది, రాత్రి చల్లబడితే గాలి లోపలికి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ రోజుకోసారి ఊపిరి పీల్చుకుంటున్నట్టే. వచ్చే గాలిలోని తేమను డబ్బాలోని సిలికా జెల్ గుళికలు పీల్చుకోవాలి. పొడిగా ఉన్నప్పుడు అవి నీలంగా ఉంటాయి, నీరు నిండాక గులాబీ రంగుకు తిరుగుతాయి. వానాకాలం చివర సరిహద్దు పల్లెల్లో చాలా డబ్బాల్లో కనిపించేది ఆ గులాబీ రంగే. కొన్ని చోట్ల గాజు పగిలి గుళికలే ఉండవు. అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ మీదికి అక్టోబరు ఉరుములు వచ్చాయంటే గోరుచుట్టు మీద రోకటిపోటే.

ఎర్త్ పిట్‌లో ఎన్ని ఓంలు

ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు నిలబెట్టే లైట్నింగ్ అరెస్టర్, లైన్‌మన్ల మాటలో ఎల్‌ఏ, ఇప్పుడు ఎక్కువగా జింక్ ఆక్సైడ్ బిళ్లలతో తయారవుతోంది. మామూలు వోల్టేజీ దగ్గర ఆ బిళ్లలు దాదాపు కరెంటే పారనివ్వవు. వోల్టేజీ ఒక హద్దు దాటగానే వేల ఆంపియర్లను భూమిలోకి వదిలేస్తాయి. 11 కేవీ లైన్‌లో వాడే ఎల్‌ఏ సర్జ్ సమయంలో తన రెండు కొసల మధ్య వోల్టేజీని సుమారు 30 వేలకు కట్టేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఓర్పు 75 వేలు. కాగితం మీద చూస్తే భద్రత దండిగా ఉన్నట్టే.

ఆ భద్రత కరిగిపోయేది రెండు చోట్ల. మొదటిది దూరం. మైక్రోసెకనుకు ఐదు లక్షల వోల్టుల చొప్పున పెరిగే నిటారు సర్జ్ వచ్చిందనుకుందాం. ఎల్‌ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు పది మీటర్ల దూరంలో ఉంటే, తరంగం వెళ్లి తిరిగొచ్చే లోపు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అదనంగా 33 వేల వోల్టులు పేరుకుంటాయి. 30తో కలిపితే 63 వేలు, గట్టెక్కినట్టే. ఇరవై మీటర్లయితే 97 వేలు, ఇక అంతే. అందుకే ఎల్‌ఏ ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకుకే బిగించి ఉండటం మంచిది, ముందు స్తంభం మీద ఉంటే దాని విలువ సగం పోయినట్టే. ఎల్‌ఏ నుంచి కిందికి దిగే ఎర్త్ తీగను చుట్టలు చుట్టి కట్టడం కూడా అలాంటి నష్టమే చేస్తుంది. వేగపు సర్జ్‌కు ఆ చుట్ట ఒక అడ్డంకి.

రెండోది నేల. మన దేశంలో ఎర్తింగ్‌కు వాడే పైపు మామూలుగా 40 మిల్లీమీటర్ల లావు, రెండున్నర మీటర్ల పొడవు ఉంటుంది. అదే పైపును వరిమడి బంకమట్టిలో పాతితే, మట్టి నిరోధకత 50 ఓం-మీటర్లు అనుకుంటే, వచ్చే నిరోధం సుమారు 17 ఓంలు. కొండ మీద రాతి కలిసిన ఎర్రనేలలో మట్టి విలువ 1,000 ఓం-మీటర్లు ఉందనుకుంటే అదే పైపుకు 330 ఓంలు దాటుతాయి. పైపు మారలేదు, మనిషి పనితనం మారలేదు, నేల మారింది. ఇరవై రెట్లు తేడా. బొగ్గు, ఉప్పు పోసి, వేసవిలో నీళ్లు పోస్తే కొంత తగ్గుతుంది. కానీ పిడుగులు మొదలయ్యే ఏప్రిల్, మే నెలలే నేల అన్నింటికంటే ఎండిపోయి ఉండే నెలలు.

ఐదు వేల ఆంపియర్ల సర్జ్ 20 ఓంల ఎర్త్‌లోకి దిగితే అక్కడే లక్ష వోల్టులు లేస్తాయి. ఎల్‌ఏకు, ట్యాంకుకు వేర్వేరు ఎర్త్‌లు ఉంటే ఈ లక్ష కూడా వైండింగ్ మీదే పడుతుంది. రెండింటినీ కలిపి, న్యూట్రల్‌ను కూడా వాటికే కడితే వైండింగ్ బతుకుతుంది కానీ లేచిన వోల్టేజీలో కొంత న్యూట్రల్ తీగ వెంట ఇళ్లకు చేరుతుంది. ఎలా కట్టాలన్న దాని మీద ఇంజినీర్లలో వాదన ఉంది. ఎర్త్ నిరోధం తగ్గించకుండా ఏ పద్ధతీ పూర్తిగా కాపాడదన్న దాని మీద వాదన లేదు. రాతినేలలో ఒక పైపును మరింత లోతుకు దించడం కంటే, ఎడంగా రెండు మూడు పైపులు పాతి కలపడం, లేదా వాగు ఒడ్డు తేమనేల దాకా పట్టీ పాతి తీసుకెళ్లడం ఎక్కువ ఫలితం ఇస్తుంది.

పెద్ద టవర్లకూ ఇదే బెడద. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నుంచి, జయపూర్ నుంచి విశాఖ వైపు దిగే లైన్లు తూర్పు కనుమల రాతి మీదుగానే రావాలి. టవర్ పైన ఉండే ఎర్త్ తీగ పిడుగును పట్టుకుంటుంది, టవర్ దాన్ని నేలకు దించుతుంది. టవర్ పాదం దగ్గర ఎర్త్ నిరోధం 10 ఓంలయితే 30 వేల ఆంపియర్లకు టవర్ మూడు లక్షల వోల్టులకు లేస్తుంది. 132 కేవీ ఇన్సులేటర్ల ఓర్పు సుమారు ఆరున్నర లక్షలు, కాబట్టి ఇబ్బంది లేదు. అదే రాతి మీద 50 ఓంలుంటే టవర్ పదిహేను లక్షలకు లేస్తుంది. అప్పుడు మంట టవర్ నుంచే తీగ మీదికి వెనక్కి దూకుతుంది. 400 కేవీ లైన్ ఇన్సులేటర్ల ఓర్పు ఆ పదిహేను లక్షల చుట్టుపక్కలే ఉంటుంది, అందుకే సగటు పిడుగుకు అది అంచు మీద నిలబడుతుంది. టవర్ కాళ్ల నుంచి నేలలో పొడవాటి తీగలు పరచడం దీనికి వాడుకలో ఉన్న మందు.

తీరంలో ఉప్పు, పీఠభూమిలో పలచటి గాలి

గోపాల్‌పూర్ నుంచి చిలికా దాకా సముద్రపు గాలి ఇన్సులేటర్ల మీద ఉప్పు పొర వేస్తుంది. ఎండగా ఉన్నంతసేపు దానివల్ల హాని లేదు. మంచు పట్టిన తెల్లవారుజామున ఆ పొర తడిసి కరెంటును పారనిస్తుంది. కొన్ని చోట్ల అది వేడికి ఆరి ఎండు పట్టీలు ఏర్పడతాయి. మొత్తం వోల్టేజీ ఆ సన్నటి పట్టీల మీద పడి చిన్న చిన్న మంటలు చిటపటలాడతాయి. ఇలా బలహీనపడ్డ పింగాణీకి పిడుగు కూడా అక్కర్లేదు, మామూలు వోల్టేజీకే ఫ్లాష్‌ఓవర్ అవుతుంది. అందుకే తీరంలో ఇన్సులేటర్ ఉపరితలం మీద కరెంటు పాకాల్సిన దూరాన్ని కిలోవోల్టుకు 25 నుంచి 31 మిల్లీమీటర్లు ఉంచుతారు. 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018లో పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచిన తిత్లీ లాంటి తుపాన్లు స్తంభాలను కూల్చడమే కాక ఉప్పును లోపలి ఊళ్ల దాకా మోసుకొస్తాయి. ఒక్క మంచి వాన పడితే ఆ ఉప్పు కడుక్కుపోతుంది.

కోరాపుట్ పట్టణం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచబడితే దాని అడ్డుకునే బలం తగ్గుతుందని 1889లోనే జర్మన్ శాస్త్రవేత్త పాషెన్ ప్రయోగాలు చూపించాయి. కోరాపుట్ ఎత్తున ఆ తగ్గుదల 8 నుంచి 10 శాతం. ప్రమాణాలు వెయ్యి మీటర్ల దాకా ప్రత్యేక సవరణ అడగవు కాబట్టి మామూలు పరికరాలే అక్కడ నడుస్తాయి. ఉప్పుతో పోలిస్తే ఇది చిన్న సమస్యే.

టీవీ, ఫ్రిజ్ పోతే పిడుగేనా?

ఇంట్లో వస్తువులు కాలిన ప్రతిసారీ పిడుగునే తిట్టుకోవడం పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం లాంటిది. ఈదురుగాలికి చాలాసార్లు తెగేది న్యూట్రల్ తీగ. మూడు ఫేజుల వీధి లైన్‌లో న్యూట్రల్ తెగితే ఇళ్లన్నీ ఒకదానితో ఒకటి వరుసలో చిక్కుకుంటాయి. వాడకం తక్కువున్న ఫేజు ఇళ్లలో 230 ఉండాల్సిన వోల్టేజీ 400 వైపు ఎగబాకుతుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. కొన్ని ఇళ్లలో బల్బులు మిరుమిట్లు గొలుపుతాయి, కొన్నింట్లో మినుకుమంటాయి. అది నిమిషాల తరబడి సాగుతుంది. వీధిలో పది ఇళ్లలో ఒకేసారి వస్తువులు పోతాయి. పిడుగు సర్జ్ అయితే ఒక్క ఫట్ శబ్దంతో ముగుస్తుంది. డిష్ కేబుల్, ఫోన్ తీగ తగిలించిన వస్తువులే ముందు పోతాయి.

మందులు కూడా వేరు. గృహోపకరణాల ఇన్సులేషన్‌ను సాధారణంగా రెండున్నర వేల వోల్టుల సర్జ్‌ను తట్టుకునేలా తయారుచేస్తారు. అంతకు మించి రాకుండా మెయిన్ బోర్డు దగ్గర సర్జ్ ప్రొటెక్టర్ పెట్టవచ్చు. కానీ అది సర్జ్‌ను పంపాల్సింది ఎర్త్‌లోకే. మూడో పిన్ను వెనక తీగే లేని ఇంట్లో ఆ పరికరానికి పెట్టిన డబ్బు దండగ. పైగా న్యూట్రల్ తెగి 400 వోల్టులు నిమిషాల తరబడి నిలిస్తే ప్రొటెక్టర్‌లోని బిళ్ల తనే వేడెక్కి మాడిపోతుంది. దానికి కావాల్సింది వోల్టేజీ హద్దు దాటగానే కరెంటు కట్ చేసే పరికరం. ఉరుములు దూరాన వినిపించగానే ప్లగ్గు, దానితో పాటు డిష్ కేబుల్ కూడా పీకేయడం రెండింటికీ పనికొస్తుంది. ఉరుము నెత్తి మీదికి వచ్చాక వాటిని ముట్టుకోకూడదు.

ఇకముందు

స్మార్ట్ మీటర్లు, సోలార్ పంపుల కంట్రోలర్లు, ఎల్‌ఈడీ వీధి దీపాలు పల్లెలకు చేరేకొద్దీ సర్జ్ నష్టం స్తంభం మీద నుంచి ఇళ్లలోకి, పొలాల్లోకి జరుగుతుంది. పాత ఇనుప మోటారు ఓర్చుకున్న సర్జ్‌ను చిప్పు ఓర్చుకోదు. చెట్లు రాసుకోకుండా ప్లాస్టిక్ తొడుగున్న తీగలు వేయడం ఫ్లాష్‌ఓవర్లను తగ్గిస్తుంది కానీ కొత్త చిక్కు తెస్తుంది. తొడుగులో పిడుగు బెజ్జం చేస్తే మంట ఆ ఒక్క చోటే నిలిచి తీగను తెంపేస్తుంది. తొడుగు లేని తీగ మీద మంట జరుగుతూ పోతుంది కాబట్టి అలా తెగడం అరుదు. అలాంటి లైన్లలో ఎల్‌ఏలు ఇంకా దగ్గర దగ్గరగా ఉండాలి.

ఉన్న ఎల్‌ఏలు బతికున్నాయా అన్నది వేరే ప్రశ్న. చాలా ఎల్‌ఏల అడుగున చిన్న విడదీసే పరికరం ఉంటుంది. లోపలి బిళ్లలు పాడై కరెంటు కారడం మొదలైతే ఆ పరికరం పేలి ఎర్త్ తీగను ఊడగొడుతుంది. లైన్ ఆగకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. ఆ తర్వాత కరెంటు మామూలుగానే వస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం రక్షణ ఉండదు. అది ఊడిందో లేదో తెలుసుకోవడానికి స్తంభం ఎక్కనక్కర్లేదు, మెగ్గర్ (ఇన్సులేషన్‌ను కొలిచే మీటరు) అక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పైన మూడు ఎల్‌ఏల కింద మూడు తీగలు బిగించి ఉండాలి. వాటిలో ఏదైనా గాలికి ఊగుతూ వేలాడుతుంటే ఆ ఫేజులో ఎల్‌ఏ పోయినట్టు. దూరం నుంచే చూసి ఫోటో తీసి సెక్షన్ ఆఫీసులో ఇవ్వవచ్చు. మార్చి నెలలో ఇస్తే ఏప్రిల్ ఉరుములకు ముందే కొత్తది బిగించే వ్యవధి ఉంటుంది.